మెట్రిక్స్ మారాజు

రుద్రవరంలో ఇప్పుడొక మెట్రిక్స్ మారాజు ఉన్నాడు. కంపెనీ బెంగళూరులో, కుర్చీ నల్లమల అంచున ఈ ఊళ్లో. కోడ్ రాయడం ఆయన స్థాయికి తగదు. ఎవరో రాసినదానికి మార్కులు వేస్తాడు.

ఆ కోడ్‌లో ఏ క్లాస్ దేన్ని నమ్ముకుందో బాణాలతో పటం గీయిస్తాడు. రెండు క్లాసులు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడితే పండగే. ఇంట్లోనూ అదే చూపు. ఇల్లు కడితేగానీ పెళ్లి వద్దంటాడు తమ్ముడు, పెళ్లి కుదిరితేగానీ ఇల్లు కట్టనంటాడు నాయన. "సైక్లిక్ డిపెండెన్సీ!" అని మారాజు చప్పట్లు కొట్టాడు. విడదీసే దారి మాత్రం చెప్పలేదు.

క్లాసులకు 1994లో చిదంబర్, కెమరర్ ప్రచురించిన ఆరు కొలతల్లో వారసత్వపు లోతు ఒకటి. చేని పట్టా ఇంకా ముత్తాత పేరనే ఉందని తెలిసి, "లోతు మూడు" అని రాసుకున్నాడు. మ్యుటేషన్‌కు ఆఫీసు చుట్టూ తిరిగే పని నాయనదే.

1976లో థామస్ మెకేబ్ చెప్పిన లెక్కంటే ఆయనకు ప్రాణం. ఫంక్షన్‌లో షరతులెన్నో లెక్కపెట్టి ఒకటి కలపాలి. పది దాటితే విడగొట్టాలి. పదిహేనొచ్చిన ఫంక్షన్‌ను జూనియర్ కుర్రాడు అయిదు ముక్కలు చేశాడు. అంకెలన్నీ పచ్చబడ్డాయి. తప్పు వెతకాలంటే ఇప్పుడు అయిదు చోట్లా తిరగాలి. మారాజు "భేష్" అన్నాడు.

"వానొస్తే, తెలుగుగంగ కాలవలో నీళ్లొస్తే, అప్పు పుడితే, రేటు నిలబడితే, వరి గట్టెక్కినట్టేరా" అన్నాడు నాయన.

"షరతులు నాలుగు, పైన ఒకటి. అయిదే! సేద్యం సులువే నాయనా."

"ఆ నాలుగిట్లో ఒగటన్నా నా చేతిలో ఉందేమిరా?"

"అది వేరే మెట్రిక్."

ఆ వేరే మెట్రిక్ రాబర్ట్ మార్టిన్‌ది, అస్థిరత. మనం నమ్ముకున్నవాళ్లను, వాళ్లూ మనల్ని నమ్ముకున్నవాళ్లూ కలిసిన మొత్తంతో భాగించాలి. అమ్మకు లెక్కేశాడు. ఇంటిల్లిపాదీ, రెండు బర్రెలూ ఆమెనే నమ్ముకున్నాయి. ఆమె ఎవర్నీ నమ్ముకోలేదు.

"నీకు సున్నా అమ్మా."

"పొద్దన్నుంచి చాకిరీ చేస్తే సున్నా ఏస్తావా?"

"సున్నా అంటే గట్టి మనిషివని. నువ్వు కదిలితే అన్నీ కూలతాయి."

"మరి నీకెంతొచ్చె?"

అన్నానికి అమ్మ, కరెంటుకు లైన్‌మన్, నెట్‌కు పక్కింటి వైఫై. ఆయన్ని నమ్ముకున్నవాళ్ల గడి ఖాళీ. వేళ్ల మీద రెండుసార్లు లెక్కేసి, "ఒకటి" అని గొణిగాడు.

అమ్మ మొహం చేటంతయింది. "ఫస్టొచ్చినావా నాయనా!" అని ఇంకో ముద్ద నెయ్యేసింది.