పదును మరిచాను

నలభై సంచుల మట్టిని 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి ఒక్క రాత్రిలో ఎండబెట్టేశాను. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. చేయవచ్చా అని అడగాలని నాకూ తోచలేదు. పదేళ్లు దాటినా ఆ రాత్రి గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. ఒక వేసవి కష్టం వృథా అయినందుకు మాత్రమే కాదు, మా నాన్న వెంట చేన్లో తిరుగుతూ నేర్చుకున్న మొదటి పాఠాన్నే అక్కడ మరిచినందుకు.

మాది నంద్యాల జిల్లాలో జ్వాలాపురానికి దగ్గరి పల్లె. అక్కడ జుర్రేరు లోయలో తవ్వితే తెల్లటి బూడిద పొర బయటపడుతుంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడిన బూడిద అది. చుట్టూ వాలుల మీద పడినదాన్ని కూడా వాన నీరు లోయలోకి చేర్చబట్టి కొన్నిచోట్ల మనిషి ఎత్తున పేరుకుంది. పాత్రలు తోమే పొడుల కోసం జనం దాన్ని తవ్వుకునేవారు. మా అవ్వ ఇత్తడి చెంబులు దానితోనే తళతళలాడించేది. బూడిదంటే నాకు తెలిసింది అదే: తెల్లగా, పొడిగా, వేళ్ల మధ్య గరగరలాడుతుంది. నేలల శాస్త్రం చదవడానికి అమెరికాలోని ఉత్తర ఐడహోకు వెళ్లి, అక్కడి కొండల మీద అగ్నిపర్వత బూడిద నేలలని వినగానే, ఇది నాకు తెలిసిన సంగతేనని నిబ్బరంగా ఉన్నాను. నా తెలివితక్కువతనం ఆ నిబ్బరంతోనే మొదలైంది.

అక్కడి బూడిద తోబాది కాదు. సుమారు 7,700 ఏళ్ల కిందట ఆరెగన్‌లో మజామా పర్వతం పేలి, శిఖరం లోపలికి కుంగిపోయింది. ఆ గుంతలో నిలిచిన నీరే నేటి క్రేటర్ లేక్. 594 మీటర్ల లోతుతో అమెరికాలోకెల్లా లోతైన సరస్సు. ఆ బూడిద దాదాపు 600 కిలోమీటర్లు ప్రయాణించి ఐడహో కొండల మీద దుప్పటిలా పరుచుకుంది. ఎండ తగిలే దక్షిణపు వాలుల్లో గాలీ వానా దాన్ని చాలావరకు ఊడ్చేశాయి. అడవి కమ్ముకున్న ఉత్తరపు వాలుల్లో నిలిచింది. కొండ మొదట్లో, పైనుంచి జారివచ్చింది కూడా కలిసి ఇంకా మందంగా పేరుకుంది. జ్వాలాపురంలో నీరు చేసిన పనే అక్కడా చేసింది. ఆ పోలిక నా కళ్ల ముందే ఉన్నా నాకు కనిపించలేదు.

నాకిచ్చిన పని అలాంటి ఒక కొండ దిగువ వాలులో గుంతలు తవ్వి, పొర పొరకూ మట్టి సేకరించడం. రాత్రి అయితే పైనుంచి చల్లగాలి దిగి అక్కడే నిలిచిపోతుంది. జూన్‌లో కూడా తెల్లవారేసరికి వేళ్లు కొంకర్లు పోయేవి. ఏడాది సగటున అక్కడి నేల వేడి 8 డిగ్రీలు దాటదు. గుంత గోడలో తెల్లటి పొర కోసం వెతికాను. కనిపించలేదు. పైన ఆకుదుబ్బ, దాని కింద అర మీటరుకు పైగా పసుపు కలిసిన గోధుమరంగు మన్ను, ఆ కింద గట్టి పాత నేల. నా పుస్తకంలో ఆ గోధుమ పొరకు ఎదురుగా 'ఒండ్రు, బూడిద లేదు' అని రాశాను. నేను వెతుకుతున్న బూడిదలో నడుము లోతున నిలబడి రాసిన మాట అది.

ఆ మన్ను నాకు చెప్పాలని చూస్తూనే ఉంది. ఇనుప గొట్టం దించి తీసిన ముద్దను ఆరబెట్టి తూస్తే ఘన సెంటీమీటరుకు 0.7 గ్రాములు వచ్చింది. మా నల్లరేగడి దీనికి దాదాపు రెట్టింపు తూగుతుంది. గొట్టం సరిగా నిండలేదేమో అనుకుని ఆ అంకెలు కొట్టేశాను. బూడిద నేలలకు 1990లో అమెరికా వర్గీకరణలో ఆండిసాల్ అనే సొంత తరగతి ఇచ్చినప్పుడు, 0.90కి మించని ఆ తేలికదనాన్నే ముఖ్యమైన గుర్తుల్లో ఒకటిగా పెట్టుకున్నారు. నేను తప్పని కొట్టేసింది ఆ నేల తన పేరు చెప్పుకున్న మాటను.

ఆ తర్వాతే ఓవెన్ రాత్రి. బరువు తూచే ముద్దలను ఆరబెట్టడం సబబే, దానికి అదే పద్ధతి. నేను మిగతా సంచులన్నీ కూడా ఎండబెట్టాను. ఎండితే నిల్వ ఉంచడం తేలిక, నలపడం తేలిక అనుకున్నాను. తర్వాత హైడ్రోమీటర్‌తో చూస్తే బంకమన్ను దాదాపు లేదు. నీరు పట్టే గుణమూ అంతంతమాత్రమే. 'పేద నేల' అని నివేదిక రాసి మా గురువుగారి ముందు పెట్టాను.

ఆవిడ నన్ను ఏమీ అనలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆ అడవుల్లో నేలలు తవ్వుతున్న ఒక పెద్దాయనను తోడిచ్చి మళ్లీ గుంత దగ్గరికి పంపారు. ఆయన పిడికెడు తడి మన్ను నా అరచేతిలో పెట్టి, వేళ్లతో రుద్దమన్నారు. ఉండలా ఉన్నది రుద్దుతుంటే ఉన్నట్టుండి జారుడుగా మారి, లోపలి నీరు వేళ్లకు తగిలింది. ఆపగానే మళ్లీ బిగుసుకుంది. ఆ తర్వాత ఫినాఫ్తలీన్ పూసిన కాగితం మీద చిటికెడు మన్ను వేసి, సోడియం ఫ్లోరైడ్ చుక్కలు పోశారు. రెండు నిమిషాల్లో కాగితం ఎర్రబడింది. మట్టిలో చురుకైన అల్యూమినియం ఉంటే ఫ్లోరైడ్ వచ్చి దాన్ని పట్టుకుని క్షారాన్ని బయటికి తోస్తుంది. అలా రంగు తిరుగుతుంది.

ఆ తర్వాత తల పైకెత్తి చూడమన్నారు. మా చుట్టూ నలుగురు చేతులు కలిపినా అందని రెడ్ సీడార్ చెట్లు. జులై, ఆగస్టుల్లో అక్కడ వానలు బొత్తిగా పలచన. కరిగిన మంచు నీటిని ఈ గోధుమ పొర దాచిపెట్టి ఇస్తేనే అవి వేసవి గడుపుతాయి. నీరు పట్టని పేద నేల అని రాసిన నేను, దాని మీద ఈ చెట్లు ఎలా నిలిచాయని ఒక్కసారి కూడా అడగలేదు.

బూడిద అంటే గాజు రేణువులు. నీటిలో నెమ్మదిగా కరిగి, అలోఫేన్, ఇమోగొలైట్ అనే అతి సూక్ష్మమైన పదార్థాలవుతాయి. ఒకటి బోలు గోళం, ఇంకొకటి రెండు నానోమీటర్ల వెడల్పున్న గొట్టం. చలి వల్ల ఆ మార్పు మెల్లగా సాగి, వేల ఏళ్ల తర్వాత కూడా సగం గాజు గాజుగానే మిగిలింది. మారినదంతా నీటిని ఆసరా చేసుకుని బతుకుతుంది. ఒకసారి పూర్తిగా ఎండిస్తే ఆ సూక్ష్మ రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మళ్లీ నీళ్లు పోసినా అవి పూర్తిగా విడిపోవు. హైడ్రోమీటర్‌కు అవి ఇసుకలా, ఒండ్రులా కనిపిస్తాయి. నేను కొలిచింది ఆ కొండ మట్టిని కాదు, నా ఓవెన్ తయారుచేసిన మట్టిని.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ఎండబెట్టే ముందు చేత్తో పట్టి చూసినావా నాయనా?" అన్నాడు.

"లేదు నాన్నా."

"పదును చూడకుండా చేన్లోకి దిగుతారా?"

నాకు నోట మాట రాలేదు. తొలకరి పడ్డాక నాన్న రోజూ చేన్లోకి వెళ్లి పిడికెడు మన్ను ముద్ద చేసి, బొటనవేలితో నొక్కేవాడు. వేలికి అంటుకుంటే వెనక్కి వచ్చేసేవాడు. ముద్ద విరిగి పొడిపొడిగా రాలితేనే గుంటక కట్టేవాడు. మట్టి గుణం దాని తడితో కలిసే ఉంటుందని నాకు ఆరేళ్లప్పుడే తెలుసు. తెలిసినదాన్ని చదువు ముందు చిన్నదిగా చూసి, గడప బయటే వదిలేశాను.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ఇది ఎక్కువ బాధిస్తుంది. ఆ మొదటి నెలలో, మంచు కరిగి నేల నానిన రోజుల్లో, సంచులు మోయలేక బండిని రోడ్డు మీద వదలకుండా వాలులోకి దించాను. వద్దని చెప్పినా వినలేదు. బూడిద నేల బలం దానిలోని ఖాళీలలోనే ఉంది. అవి నలిగితే మళ్లీ తెరుచుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

ఎండిన సంచులకు బదులు మరుసటి ఏడు కొత్తవి తెచ్చాను. తడి పోకుండా రెండు పొరల్లో చుట్టి, చల్లగా దాచి, తడిగానే కొలిచాను. ఆ తప్పు దిద్దుకోగలిగాను. ఇప్పుడు ఏ గుంతలో దిగినా పుస్తకం తెరవక ముందే పిడికెడు మన్ను పట్టి చూస్తాను.

కిందటి వేసవిలో ఆ వాలుకు మళ్లీ వెళ్లాను. సీడార్‌ల కింద నేల ఎప్పటిలాగే మెత్తగా ఉంది. రాత్రి కురిసిన వాన ఎక్కడికక్కడ ఇంకిపోయింది. నా బండి నడిచిన రెండు గాళ్లలో మాత్రం నీరు నిలిచి ఉంది.