ఇంద్రేశం ఖాళీ ప్లాట్లలోని ఉమ్మెత్తకు

ఉమ్మెత్తా,

ఇల్లు లేవని ప్లాటు కనిపిస్తే చాలు, అక్కడ మొలుస్తావు. మా ఇంద్రేశంలో అలాంటి ప్లాట్లకు కొదవ లేదు. పశువులు నీ జోలికి రావు. పిల్లలే వస్తారు, ఆ ముళ్లకాయ వింతగా ఉంటుంది కనుక. గింజలు మింగిన పిల్లవాడికి నోరు ఎండిపోతుంది, ఒళ్లు కాలిపోతుంది, కంటిపాపలు విప్పారిపోతాయి. ఎదురుగా లేని మనుషులతో మాట్లాడతాడు.

అయినా నిన్ను తిట్టడానికే ఈ ఉత్తరం రాయడం లేదు. నీలో ఉన్న హయోసయమైన్ నుంచే అట్రోపిన్ వస్తుంది. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుల మందు తాగిన మనిషికి నోట చొంగ ఆగదు, గుండె నెమ్మదిస్తుంది, ఊపిరితిత్తులు తేమతో నిండి ఊపిరాడదు. అట్రోపిన్ ఆ తేమను ఆరబెడుతుంది. 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూళ్లు వరసగా ఎక్కిస్తారు. ఐదు నిమిషాలకోసారి ఛాతీ విని, ఇంకా ఆరకపోతే మోతాదు రెట్టింపు చేస్తారు. మితిమీరితే ఆ రోగీ నీ గింజలు తిన్నవాడిలాగే కలవరిస్తాడు. అందుకే మంచం పక్కన ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే. తెలంగాణలో ఎన్నో రైతు కుటుంబాలు అట్రోపిన్‌కు రుణపడి ఉన్నాయి.

ఆ మందుకున్న కొలత నీ ఆకులో లేదు. ఒక మొక్కలో ఉన్నంత విషం పక్క మొక్కలో ఉండదు. ఆకు వేరు, గింజ వేరు. అది తెలియకే ఆయాసానికి నీ పొగ పీలుస్తారు. అంతకన్నా నన్ను భయపెట్టేది కుక్కకాటు. పిచ్చికుక్క కరిస్తే నీ ఆకురసం తాగించమని చెప్పే పెద్దలు ఇంకా ఉన్నారు. నువ్వు రేబిస్‌ను ఆపలేవు, ఉమ్మెత్తా! ఆ జబ్బు బయటపడ్డాక బతికి బట్టకట్టినవాళ్లు దాదాపు లేరు. గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే సర్కారు దవాఖానకు పోయి టీకా మొదలుపెట్టాలి. నీ కోసం వెతికే ప్రతి గంటా ఆ మనిషి ఆయుష్షులోంచి పోతుంది.

వినాయక చవితి 21 పత్రిలో నీకు చోటుంది. దాన్ని ఎవరూ కాదనరు. పూజయ్యాక ఆ ఆకులు పిల్లల చేతికి అందకూడదు, అంతే.

కాయ ఎండి పగిలితే వందల గింజలు రాలుతాయి. కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడే, చేతికి తొడుగు వేసుకుని నిన్ను పీకేయమని ప్లాట్ల యజమానులను అడుగుతున్నాను. బడి గోడ పక్కనున్న నిన్ను మాత్రం పండుగ దాకా కూడా ఉంచం.