మొహం చూసి ధర చెప్పండి

పాత పుస్తకాల దుకాణం పెడదామనుకుంటున్నారా? శుభం. పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. కిలో లెక్కన కొని కాపీ లెక్కన అమ్మడమే ఈ వ్యాపారం. మధ్యలో మిగిలేది ఎంతన్నది మీ నోటి చలవ.

ముందు చోటు సంగతి. అద్దాల షోరూము, ఏసీ లాంటి వాటి జోలికి పోకండి. ఆదివారం పొద్దున హైదరాబాదు ఆబిడ్స్ వెళ్లి చూడండి. పెద్ద దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పట్టా పరిస్తే అదే షోరూము. కోఠీలో అయితే కాలేజీ పిల్లలు పాఠ్యపుస్తకాల కోసం వాళ్లంతట వాళ్లే వస్తారు. బెజవాడ లెనిన్ సెంటరులో జనం బస్సు దిగి అడ్రసు అడక్కుండానే నడిచి వస్తారు. ప్రచారం ఖర్చు సున్నా.

ఇక సరుకు పేర్చడం. విభాగాల వారీగా సర్ది బోర్డులు పెట్టమని మార్కెటింగ్ పాఠాలు చెప్పేవాళ్లు అంటారు. ఆ మాట విన్నారో, మీ పని అయిపోయినట్టే. కావలసిన పుస్తకం ఉందో లేదో రెండు నిమిషాల్లో తేల్చుకుని వెళ్లిపోతారు. అందుకని కుప్ప పొయ్యండి. వంటల పుస్తకం మీద వేదాంతం, దాని కింద సి లాంగ్వేజీ, ఆ కింద ఆయుర్వేదం. వెతికేవాడు గంటసేపు ఒంగునే ఉంటాడు. అంతసేపు ఒంగున్న పెద్దమనిషికి వట్టి చేతుల్తో లేవాలంటే నామోషీ. నడుం నొప్పికి పరిహారంగానైనా ఒకటి కొంటాడు.

కుప్ప పైవరసలో మాత్రం వ్యక్తిత్వ వికాసం ఉంచండి. అవి పాతవీ కావు, అసలైనవీ కావు. కాగితం పల్చగా, అక్షరం మసగ్గా ఉంటుంది. ఎవరైనా గుచ్చి అడిగితే ‘ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ సార్’ అనండి.

ఉమ్మడి రాష్ట్రం నాటి భూగోళం పుస్తకాలు మీకు బస్తాలకొద్దీ వస్తాయి. వాటిలో జిల్లాలు 23. గ్రూప్స్‌కు చదివే కుర్రాడు రెండు పేజీలు తిరగేసి పక్కన పడేస్తాడు. దిగులు పడకండి. ఆ కట్టను భూగోళం నుంచి చరిత్రలోకి మార్చండి, ధర పెంచండి.

ధర దగ్గర తొందర పనికిరాదు. లోపలి అట్ట మీద పెన్సిలుతో రేటు రాసి పెట్టడం చేతగానివాళ్ల పని. ధర పుస్తకంలో ఉండదు, కొనేవాడి మొహంలో ఉంటుంది. పుస్తకం చూడగానే ఎవరి కళ్లు పెద్దవవుతాయో, ఎవరు అట్ట మీది దుమ్ము చొక్కా అంచుతో తుడుస్తారో కనిపెట్టండి. ఆయనకు రెట్టింపు. ముదురు గిరాకీలు ఇంకో రకం. కావలసిన పుస్తకాన్ని అక్కర్లేని నాలుగింటి మధ్య దాచి, ఫోను చూసుకుంటూ అడుగుతారు.

“ఈ కట్టెంత?”

“నాలుగూ నలభై సార్.”

“మరి ఇది?”

“అదా? అది రెండొందల యాభై.”

“అదేంటయ్యా, అన్నీ పాతవేగా!”

“రష్యా పుస్తకం సార్. ఇంక రాదు.”

ఈ ఒక్క మాటా అబద్ధం కాదు. మాస్కోలో తెలుగులోనే అచ్చయి, ఓడెక్కి వచ్చి, విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా అమ్ముడైన పుస్తకాలవి. 1991లో సోవియట్ దేశమే లేకుండా పోయింది, పుస్తకం ఎక్కణ్నుంచి వస్తుంది? చందమామదీ ఇదే దారి. 1947 జూలైలో మొదలైన పత్రిక అచ్చు ఆగి పదేళ్లు దాటింది. ఇప్పుడు అట్ట చిరిగినదానికైనా గిరాకీయే. కొనేది పిల్లలు కారు, అరవై దాటిన పిల్లలు.

‘రేర్’ అన్న మాటను ధారాళంగా వాడండి. ఆరో ముద్రణ అని అచ్చయి ఉంటే ఆ ‘ఆరో’ మీద స్టిక్కరు అంటించండి. పేజీలు తెరవక ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటే ‘మింట్ కండిషన్’. రచయిత ‘ఆత్మీయ మిత్రునికి, అభిమానంతో’ అని సంతకం చేసి ఇచ్చిన ప్రతులకు ఈ అతుకుడు ఎక్కువ.

సరుకు ఊరికే కావాలా? కవుల్ని ఆశ్రయించండి. మన దగ్గర రచయితే ప్రచురణకర్త. సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేయించి, నాలుగొందలు మంచం కింద పెట్టుకుని ఉంటాడు. ‘పాతిక కాపీలు ఇచ్చి వెళ్లండి సార్, అమ్మాక డబ్బులిస్తా’ అనండి. ఆటో ఖర్చు కూడా ఆయనే పెట్టుకుంటాడు. ఆర్నెల్ల తర్వాత వచ్చి అడిగితే ‘ఇంకా కదల్లేదు సార్’ అనాలి. అన్నీ అమ్ముడైనా ఇదే జవాబు.

ఆన్‌లైన్లోకి దిగితే పుస్తకాల వీపులు కనపడీ కనపడకుండా ఫొటో తీసి, ‘ధర ఇన్‌బాక్స్‌లో’ అని పెట్టండి. ‘నాకు కావాలి’ అని నలభై మంది రాస్తారు. డబ్బు పంపేది ఒక్కరు. ఆ ఒక్కరూ పోస్టు ఖర్చు విని తగ్గుతారు. పుస్తకాలను చవకగా మోసిన రిజిస్టర్డ్ బుక్‌పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది. ఇప్పుడు యాభై రూపాయల నవలకు పంపే ఖర్చే ఎక్కువ.

ఒక్క సరుకు విషయంలో మాత్రం నా సలహా పనిచేయదు. ఒకప్పుడు ఇళ్లలో ఆడవాళ్లు వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, వారం వారం దాచి, బైండు చేయించుకునేవాళ్లు. గళ్ల కాగితం అట్ట, మొదటి పేజీలో గుండ్రటి చేతిరాతతో ఇంటిపేరూ పేరూ. కథ పేజీ తిప్పితే వెనక సబ్బు ప్రకటన, సగానికి తెగిన వారఫలాలు. పక్కింటివాళ్లు పత్రిక తీసుకెళ్లి ఇవ్వని వారం దగ్గర ఒక తెల్లకాగితం, ఎప్పటికైనా దొరక్కపోతుందా అని. ఆ ఇంటి పెద్దావిడ పోయాక పిల్లలు అటక ఖాళీ చేసినప్పుడు ఇవి మీకు తూకానికి వస్తాయి. అచ్చమైన రేర్ అంటే ఇదే, లోకంలో రెండో కాపీ లేదు. అయితే దీన్ని చూసి ఎవరి మొహమూ వెలగదు కాబట్టి మీ లెక్కలో దీనికి ధర లేదు. మళ్లీ తూకానికే వేస్తారు, ఈసారి పొట్లాలకు. అలా వేసే ముందు నాకొక ఫోను కొట్టండి. బేరమాడను.

ఈ కాగితం పొరపాటున కొనేవాళ్ల చేతిలో పడితే వాళ్లకూ ఒక ముక్క. ఆదివారం పెందలాడే వెళ్లండి, చిల్లర పట్టుకెళ్లండి, నచ్చింది కనపడగానే మొహం ముడుచుకోండి. డిటెక్టివ్ నవలైతే ఆఖరి పేజీలు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. వాపసు తీసుకోరు.