మిస్సోరీలో బ్రహ్మచారి, తిరుపతిలో సంసారి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పెళ్ళిచూపుల్లో అడగని ప్రశ్న ఉండదు. గోత్రం అడుగుతారు, నక్షత్రం అడుగుతారు, బెంగళూరు ఫ్లాటు మీద లోను ఎంత మిగిలిందో అడుగుతారు. పెళ్ళికొడుకు అమెరికా వాడైతే హెచ్-1బీనా, గ్రీన్ కార్డా, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అయిందా లేదా అని కూడా అడుగుతారు. బస్టాండు దాటి ఏనాడూ పోని పెద్దాయన సైతం ఐ-140 సంగతి గడగడా చెప్పగలడు. అబ్బాయికి ఇది రెండో పెళ్ళి అన్నప్పుడు మాత్రం అందరి గొంతూ ఒక్కసారిగా దిగిపోతుంది. "డైవర్స్ అయిపోయిందంట" అంటారొకరు. "అమెరికాలోనే అయిందంట" అని ఇంకొకరు ధైర్యం చెబుతారు. అమెరికాలో అయిందంటే వాయిదాలు లేకుండా, ఏసీ గదిలో, శుభ్రంగా అయ్యుంటుందని తృప్తిపడి మిక్చరు ప్లేటు అందుకుంటారు.

పుంగనూరు ఆవును కొనేవాడు ఎత్తు కొలుస్తాడు, తల్లెవరో తండ్రెవరో అడుగుతాడు, అసలు జాతా సంకరమా అని నలుగురికి చూపించుకుంటాడు. అల్లుడి విడాకుల కాగితానికి ఆ యోగం లేదు. పెళ్ళిళ్ళ పేరయ్య సెల్‌ఫోన్లో ఫోటో చూపించి పక్కకు జరుపుతాడు.

"ఏం బయపడొద్దన్నా. కోర్టు కాయితం ఉండాది. ఇంగ్లీసులో ఉండాది, కింద గుండ్రంగా సీలు కూడా ఉండాది."

"ఆ మొదటి పిల్ల ఒప్పుకునిందా?"

"ఆయమ్మి ఈడ పుట్టింట్లోనే ఉండాది కదన్నా. కోర్టే ఇచ్చేసినాక ఆయమ్మి ఒప్పుకునేదేముండాది?"

ఆ ఆఖరి ప్రశ్నకు సుప్రీంకోర్టు 1991 జులై 9న జవాబు చెప్పింది. ఎక్కడో ఢిల్లీ వాళ్ళ కేసు కాదు, అప్పట్లో మన చిత్తూరు జిల్లాలోనే ఉన్న తిరుపతిలో మొదలైన కథ. వై. నరసింహారావు - వై. వెంకటలక్ష్మి కేసు అంటే దేశంలో లా చదివే ప్రతి పిల్లవాడికీ తెలుసు. తెలియనిదల్లా పిల్లనిచ్చే మామలకే.

1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో పెళ్ళి. 1978 జులైలో విడిపోయారు. భర్త తిరుపతి సబ్ కోర్టులో విడాకులకు ఒక పిటిషన్ వేసి, తామిద్దరం చివరిసారి కలిసి ఉన్నది అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో అని రాశాడు. అది లూసియానా రాష్ట్రం. ఆ పిటిషన్ అలా ఉండగానే ఆయన మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టు గడప ఎక్కాడు. అక్కడ 90 రోజులు నివాసం ఉంటే చాలు, కోర్టు కేసు తీసుకుంటుంది. అక్కడ ఆయన చేసిన ఆరోపణ ఏమంటే, భార్య తనతో అమెరికాలో, అందులోనూ ముఖ్యంగా మిస్సోరీలో, కాపురం చేయనంటోందని. తిరుపతి కోర్టుకు ఆయన రాసిచ్చిన మాట ప్రకారమే ఆ దంపతులు మిస్సోరీలో కాపురం పెట్టిందే లేదు. పెట్టని కాపురానికి రాలేదని పెళ్ళాం మీద ఫిర్యాదు! మన సినిమా రచయితలకు కూడా ఇంత కథ తట్టలేదు.

భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం తెలుపుతూ జవాబు పంపింది. 1980 ఫిబ్రవరి 19న ఆమె లేకుండానే డిక్రీ వచ్చేసింది. పెళ్ళి ఇక అతకని విధంగా విరిగిపోయిందన్నది కారణం. 1981 నవంబర్ 2న ఆయన యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు, పెళ్ళాం బతికుండగానే రెండో పెళ్ళి చేసుకున్నాడని క్రిమినల్ కేసు పెట్టింది. మేజిస్ట్రేటు అమెరికా కాగితం చూసి నిందితుల్ని వదిలేశాడు. హైకోర్టు కుదరదంది. జస్టిస్ తొమ్మెన్, జస్టిస్ సావంత్ కూర్చున్న సుప్రీంకోర్టు ధర్మాసనం హైకోర్టు వైపే నిలిచి, కేసు నడపమని చెప్పింది. అప్పటికి రెండో పెళ్ళి జరిగి పదేళ్ళు కావస్తోంది.

ఇందులో సీలు సంగతి వినితీరాలి. ఆ డిక్రీ నకలు మీద సెయింట్ లూయిస్ కోర్టు డిప్యూటీ క్లర్కు ధ్రువీకరణ ఉంది. సుప్రీంకోర్టు దాన్ని కాదనలేదు. కాకపోతే అమెరికాలో ఉన్న మన కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి కూడా దాన్ని ధ్రువీకరించాలని సాక్ష్యాధారాల చట్టం చెబుతోంది, అది లేదు కాబట్టి సాక్ష్యంగా పనికిరాదంది. గుండ్రటి సీలు చూసి మురిసిపోయే మామలారా, రెండో సీలు ఏదని అడిగారా ఎప్పుడైనా?

ఆ రెండో సీలు ఉన్నా గట్టెక్కేది కాదు. ఏ చట్టం కింద పెళ్ళయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద ఇస్తేనే విడాకులు అని తీర్పు తేల్చింది. "విరిగిపోయింది" అనే కారణం హిందూ వివాహ చట్టంలో లేదు, ఈ రోజుకీ లేదు. 2023లో సుప్రీంకోర్టు 142వ అధికరణం కింద అలాంటి విడాకులు తాను ఇవ్వగలనని చెప్పుకుంది. ఆ అధికారం తనదే, సెయింట్ లూయిస్‌ది కాదు. 1991 తీర్పు మినహాయింపులు మూడే పెట్టింది. అవతలి మనిషి ఆ విదేశంలోనే స్థిరంగా ఉంటూ, కారణం మన చట్టానికి సరిపోతే ఒకటి. అవతలి మనిషి తనంతట తాను ఆ కోర్టుకు వెళ్ళి, మన చట్టం ఒప్పుకునే కారణం మీద వాదించుకుంటే రెండోది. విడాకులకు ఇద్దరూ ఒప్పుకుంటే మూడోది. ఎటు తిప్పినా ఆ పుట్టింట్లో ఉన్న అమ్మాయి దగ్గరికే రావాలి. పేరయ్య "ఒప్పుకునేదేముండాది" అన్న ఆయమ్మి దగ్గరికే.

ఇది కొత్త విద్య కూడా కాదు. నెవాడా రాష్ట్రంలో ఆరు వారాలు ఉంటే విడాకులు దొరుకుతాయని పంజాబు నుంచి వెళ్ళిన ఒకాయన అలాగే తెచ్చుకున్నాడు. భార్య భరణం అడిగితే విడాకుల కాగితం చూపించాడు. అది మోసం చేసి తెచ్చిన కాగితమని 1974లోనే సుప్రీంకోర్టు చెప్పి, ఆమెకు భరణం ఇప్పించింది.

"సర్లే సామీ, ఇక్కడ చెల్లకపోతే ఏమి? నా బిడ్డ ఉండేది అమెరికాలో కదా. వీసా ఇచ్చేది అమెరికా వాడు, వాడి కోర్టు కాగితం వాడు నమ్మడా?" అంటారు కొందరు తెలివైనవాళ్ళు. నమ్ముతాడు. లొసుగు అక్కడ కాదు, కల్యాణ మండపంలో ఉంది. పెళ్ళి చెల్లుతుందా లేదా అన్నది అది ఎక్కడ జరిగిందో అక్కడి చట్టాన్ని బట్టి చూస్తామని అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ నియమం. మనవాడు ముచ్చటపడి మదనపల్లెలో మండపం మాట్లాడి, మేళం పెట్టించి, తలంబ్రాలు పోయించాడంటే తీర్పు మళ్ళీ హిందూ వివాహ చట్టం చేతికి వస్తుంది. మొదటి పెళ్ళి బతికుంటే రెండోది మొదటి నుంచీ చెల్లదని ఆ చట్టం 11వ సెక్షన్. కెనడా ఇంకా కచ్చితమైన మనిషి. విడాకులిచ్చిన దేశంలో ఇద్దరిలో ఒకరు కేసుకు ముందు ఏడాది నివాసం ఉంటే ఆ విడాకుల్ని ఒప్పుకుంటుంది. భార్యను పిలిపించుకునేటప్పుడు మాత్రం ఆ పెళ్ళి జరిగిన చోటి చట్టానికీ, కెనడా చట్టానికీ రెండింటికీ చెల్లాలంటుంది. స్పాన్సర్ ఫారం నింపే అల్లుడికి ఇవేవీ తెలియవనుకోవడం మన మంచితనం.

వీసా ఆఫీసరు గమనించకుండా ముద్ర వేశాడే అనుకోండి. పండక్కి ఊరికి వచ్చిన అల్లుణ్ణి భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ పలకరిస్తుంది. ఏడేళ్ళ దాకా జైలు. మొదటి పెళ్ళిని దాచి చేసుకుంటే పదేళ్ళ దాకా. కుప్పం నుంచి ఇటు కాస్త పోతే తమిళనాడు, అటు పోతే కర్ణాటక, మూడు చోట్లా చట్టం ఒకటే, మొదటి పెళ్ళాం పెళ్ళామే.

అమెరికా వాణ్ణి ఇంత ఎక్కిరించాక మన సంగతీ చెప్పుకోవాలి. మన దగ్గర ఇంకో రకం విడాకులున్నాయి. ఊరి పెద్దమనుషులు కూర్చుంటారు, వంద రూపాయల స్టాంపు పేపరు తెప్పిస్తారు, "ఇకమీదట ఒకరి జోలికి ఒకరం పోము" అని రాయించి, ఇరువైపులా సంతకాలు, సాక్షి సంతకాలు, పైన నోటరీ ముద్ర. ఇంత సుఖంగా కువైటులో ఉండటానికిచ్చే ఇకామా కూడా రెన్యూ కాదు. కులాచారం ప్రకారం వచ్చే విడాకుల్ని హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాపాడుతుంది, నిజమే. ఆ ఆచారం ఆ కులంలో ఎప్పటి నుంచో ఉందని కోర్టులో రుజువు చేసుకుంటేనే కాపాడుతుంది. స్టాంపు వెండరుకి తెలిసినంత మాత్రాన ఆచారం అయిపోదు. ఆ కాగితాన్ని నమ్మి మళ్ళీ పెళ్ళి చేసుకున్న ఆడపిల్లకు విదేశం నుంచి మొగుడు స్పాన్సర్ చేసినప్పుడు, మొదటి పెళ్ళి చట్టప్రకారం ముగిసినట్టు కోర్టు డిక్రీ ఏదని అడుగుతారు. డిక్రీ ఉండదు, స్టాంపు పేపరు ఉంటుంది. మిస్సోరీ కాగితం పుంగనూరులో చెల్లదు, పుంగనూరు కాగితం మిస్సోరీలో చెల్లదు. ఇంతకంటే న్యాయమైన ఇచ్చిపుచ్చుకోలు రెండు దేశాల మధ్య మరొకటి లేదు.

నవ్వు వచ్చేది ఇక్కడి వరకే. ఆ పుట్టింట్లో ఉన్న మొదటి అమ్మాయిని చూడండి. అమెరికాలో ఆమె ఎవరికీ భార్య కాదు. ఇక్కడ భార్యే కాబట్టి ఇంకో పెళ్ళి చేసుకుంటే నేరం ఆమెది అవుతుంది. రెండో అమ్మాయి అప్పు తెచ్చి పెళ్ళి చేసిన తండ్రి కూతురు. మూడు ముళ్ళూ పడ్డాయి, భార్య హక్కు పడలేదు. కాగితం పట్టుకుని హాయిగా తిరిగేది ఒక్కడే.

సరైన దారి ఏమీ దుర్గమం కాదు. ఏడాది విడిగా ఉన్నవాళ్ళు హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి అడిగితే ఇక్కడి కోర్టు ఇస్తుంది. అడిగాక ఆగాల్సిన ఆరు నెలల గడువును కూడా సందర్భాన్ని బట్టి మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కష్టమల్లా మొదటి భార్యతో కూర్చుని మాట్లాడాలి, ఆమెకు ఇవ్వాల్సింది ఇవ్వాలి. అందుకే కొందరికి సెయింట్ లూయిస్ తిరుపతి కంటే దగ్గర.

ప్రభుత్వం నిద్రపోతోందా అంటే, అంత మాట అనలేం. విదేశీ విడాకుల గుర్తింపు గురించి లా కమిషన్ 1976లోనే తన 65వ నివేదిక ఇచ్చింది. 2009లో 219వది. ప్రవాసుల పెళ్ళిళ్ళ నమోదుకు 2019లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ 287వ నివేదికలో సమగ్ర చట్టం కావాలని మళ్ళీ సిఫార్సు చేసింది. నివేదికల నంబర్లు పెరగడంలో లోపమేమీ లేదు.

అందాకా మీ పని మీరు చూసుకోండి. సంబంధం తెచ్చిన వాణ్ణి విడాకుల డిక్రీ ఫోటో కాదు, సర్టిఫైడ్ కాపీ అడగండి. ఏ కారణం మీద ఇచ్చారో ఒక లాయరు చేత చదివించుకోండి. ఆ మొదటి అమ్మాయి సంతకం అందులో ఉందో లేదో చూడండి. సంతకం లేకపోతే, ముహూర్తం పెట్టుకునే ముందు ఆమె ఇంటికి వెళ్ళి అడిగి రండి.