బావినీటి వేదాంతి

హైదరాబాదు శివారు అపార్ట్‌మెంట్లలో, వంటింటి గోడకు నీటిశుద్ధి యంత్రం బిగించుకొని, దాని నీళ్లే తాగుతూ, దానినే అనుదినం నిందిస్తూ జీవించే ఒక విశిష్ట మానవజాతి కనిపిస్తుంది. అరవై దాటిన వయస్సు, మెట్టసేద్యపు కుటుంబం, కుళాయి ఎరుగని ఊరు అనే మూడు లక్షణాలు కలిసిన ఈ పురుషుణ్ని బావినీటి వేదాంతి అనవచ్చు.

మనవడు పళ్లు తోముకుంటూ కుళాయి కట్టేయడం మరచిన క్షణమే ఈయన ప్రవచనానికి ముహూర్తం. నీళ్లు తోడే చిన్న పాత్ర చేద అనీ, దానికి కట్టే పొడవాటి తాడు చేంతాడు అనీ, అది తెగినప్పుడు మునిగిన చేదను పైకి లాగే ఇనుప కొక్కేల గుత్తి పాతాళగరిగె అనీ నిర్వచించిన తరువాత, ఆయన బావి లోతుకు వస్తాడు. చాచిన రెండు చేతుల పొడవును బార అంటారు గనుక, దసరానాడు పది బారలున్న చేంతాడు సంక్రాంతికి పదిహేను బారలవుతుంది. అసలు బావి పూడిపోయి ముప్పై ఏళ్లయినా, దాని లోతు మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంటుంది.

ఆ నీటి గుణగణాల విషయంలో ఆయన ఆయుర్వేదాన్నీ రసాయనశాస్త్రాన్నీ సమానంగా నొప్పిస్తాడు. మెట్లు దిగి నీళ్లు ముంచుకునే దిగుడుబావుల ద్వారా నారికురుపు వ్యాపించేదనీ, ఆ వ్యాధి నుంచి భారతదేశం 2000లో గాని విముక్తి ధ్రువపత్రం పొందలేదనీ ఎవరైనా గుర్తుచేస్తే, అది పక్క ఊరి సంగతి అంటాడు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్న ప్రమాణాన్ని నల్లగొండ, ప్రకాశం జిల్లాలలోని ఎన్నో బావులు ఏనాడూ లక్ష్యపెట్టలేదని చెప్పినా, గోధుమరంగు మచ్చలున్న పళ్లన్నీ కనబడేట్లు నవ్వి, అంత తియ్యని నీళ్లు మరెక్కడా లేవని తీర్పు చెబుతాడు.

ఈ స్మృతులలో శ్రమవిభజన మాత్రం ప్రత్యేక పరిశోధనకు అర్హమైనది. తెల్లవారక ముందే గోళెం, అంటే ఇంటి నీళ్లు నిలవచేసే పెద్ద తొట్టి, నింపినది తల్లి. చుట్టకుదురు మీద ఒక బిందె, చంకన ఒక బిందె మోసినది అక్క. ఎద్దులను వాలులో తోలుతూ తోలుసంచితో నీరు పైకి లాగే మోటను నడిపినది పాలేరు. మోటనీళ్లు కాలువలో పడేచోట జలకాలాడడం, పాతాళగరిగెకు తరచుగా పని కల్పించడం అనే రెండు శాఖలు వేదాంతిగారివి. అందువల్లనే కాబోలు, అపార్ట్‌మెంటులో ట్యాంకరు పావుగంట ఆలస్యమైతే సంఘం కార్యదర్శికి మొదట ఫోను చేసేది కూడా ఆయనే.

ఈ జాతికి సహజశత్రువు ఊరినుంచి వచ్చే అక్క. వచ్చీ రాగానే కుళాయి తిప్పి, ధార వంక తృప్తిగా చూసి, బిందెల రోజులు మళ్లీ రాకూడదని ఆమె దండం పెట్టుకోవడం ఆయనకు గిట్టదు. తాము మోసిన నీళ్ల గొప్ప నేటి పిల్లలకేం తెలుసునని ఆయన ఎత్తుకోగానే, ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి శాస్త్రచర్చను ముగిస్తుంది: "ఒరే తమ్ముడూ, నువ్వు పుట్టి బుద్ధెరిగాక మోసింది పొద్దున్నే చేలోకి పట్టుకెళ్లే చెంబెడు నీళ్లేగదరా! అవీ నేనే తోడిచ్చేదాన్ని."