బండింటాయన

ఎవరింటికైనా పోతే ముందు కూర్చోమంటారు, మంచినీళ్ళిస్తారు. బండింటాయన ఇంటికి పోతే గోడ తట్టమంటాడు. ఇంటి గోడ కాదు. వాకిట్లో టార్పాలిన్ కప్పుకొని నిలబడిన తెల్లటి ఫైబర్ బండి గోడ. మీరు మొహమాటపడుతూ వేలి కణుపుతో రెండు దెబ్బలు వేస్తే ఒప్పుకోడు. "గట్టిగ తట్టప్పా! యాడన్నా డొల్ల సప్పుడొచ్చాందేమో సూడు" అంటాడు. ఏది డొల్ల సప్పుడో ఏది గట్టి సప్పుడో మీకు తెలియకపోయినా ఫరవాలేదు. "బలే గట్టిగుందన్నా" అని నోటితో అనేదాకా మాత్రం కాఫీ రాదు.

ఈయన్ని ప్రొద్దుటూరులో చూశామని కొందరంటారు. కాదు, ఆయనది జమ్మలమడుగని ఇంకొందరు. పులివెందులాయన్ని చూడకుండా మాట్లాడొద్దని మరికొందరు. అందరూ చెప్పేది నిజమే. ఊరేదైనా వయసు యాభై దాటి ఉంటుంది, పిల్లలు స్థిరపడి ఉంటారు, అప్పులు తీరి ఉంటాయి. చేతిలో నాలుగు డబ్బులు, చేతి నిండా సాయంత్రాలు. సీమలో ఈ దశకు చేరిన మగమనిషి ఇదివరకైతే గుడి కమిటీలో చేరేవాడు, లేకుంటే ఊరివాళ్ళ పంచాయితీలు నెత్తికెత్తుకునేవాడు. ఇప్పుడు కారు వెనక తగిలించుకొని పోయే ఇల్లొకటి చేయించుకుంటున్నాడు.

ఈ పిచ్చి అంటుకునేది అమెరికాలో. కొడుకు దగ్గరికని పోతాడు. ఆర్నెల్లు కాలక్షేపం కావాలి. ఒక శనివారం కొడుకు ఏదో చెరువు గట్టుకు తీసుకుపోతే అక్కడ గుడ్డు ఆకారంలో చిన్నచిన్న ట్రైలర్లు వరసగా ఆగి ఉంటాయి. ఒక్కోదాని ముందర ఒక ముసలి జంట కుర్చీలేసుకొని కూర్చొని, వచ్చేపోయేవాళ్ళను లోపలికి పిలిచి చూపిస్తుంటారు. పరుపు ఎత్తితే పెట్టె, బల్ల దించితే మంచం, మెట్టు తెరిస్తే చెప్పుల అర. మనాయన ఒక్కొక్క తలుపూ తీసి వేసి, వేసి తీసి, సాయంత్రానికి మనిషే మారిపోతాడు. నయాగరా చూసినప్పుడు కూడా అంతసేపు నిలబడలేదని కోడలు చెబుతుంది.

తిరిగొచ్చాక ఆయన నోట చరిత్ర మొదలవుతుంది. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెకో అనే ఆయన బోలర్ అని ఒక ట్రైలరు చేశాడట. పొడవు 13 అడుగులు, బరువు దరిదాపు 400 కిలోలు. కింద చిప్ప, పైన చిప్ప, నడుం దగ్గర అతుకు, అంతే ఇల్లు. కుళ్ళేదానికి చెక్క లేదు, తుప్పు పట్టేదానికి రేకు లేదు, వాన కారేదానికి సందుల్లేవు. ఆ తర్వాత నాలుగేళ్ళు తిరక్కుండా మిన్నెసోటాలోని బ్యాకస్ అనే చిన్న ఊళ్ళో స్కాంప్ కంపెనీ మొదలై ఆ రకం బండ్లే చేస్తూ వచ్చింది. ఇదంతా వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతాడు. ఒక్క సంగతి మాత్రం మింగేస్తాడు. ఒలెకో అంతకు ముందు చేసింది ఫైబర్‌గ్లాస్ సెప్టిక్ ట్యాంకు. తేలిగ్గా, అతుకుల్లేకుండా తొట్టి పోయొచ్చని తేలినాకే, దాంట్లో మనిషి ఎందుకుండకూడదన్న ఆలోచన ఆయనకొచ్చింది. ఈ సంగతి కొడుకు ఫోన్లో నోరు జారి వాళ్ళమ్మకు చెప్పేస్తాడు. ఆమె ఆ రోజు ఏమీ అనదు. బండి తయారై వాకిట్లోకొచ్చి, కొబ్బరికాయ కొట్టినాక అంటుంది. "సంతోషం. ఇంట్లో కొళాయి కారబట్టి ఆర్నెల్లాయ, దాన్ని సూసేదానికి తీరిక ల్యా. ఈ దొడ్డితొట్టికి మాత్రం రెండు కొళాయిలు!"

మొదట ఆయన ఆలోచన ట్రైలరు కాదు, ఒక పాత వ్యాను కొని దాని పొట్ట కోసి ఇల్లు చేద్దామని. అయితే మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అడ్డమొచ్చింది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చేది కుదరదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో తేల్చేసింది. దానికి బదులు ఆయన ఇంకో కాగితం సంపాదించాడు. 2004లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్. రవాణాకు కాని వాహనాల పట్టీలో 'సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ లేదా ట్రైలర్' అన్న మాట అందులో ఉంది. దాన్ని లామినేషన్ చేయించి జేబులో పెట్టుకు తిరుగుతాడు. పోలీసులు ఆపితే చూపించేదానికని చెబుతాడు గానీ, ఆపకపోయినా తనే కారు దిగిపోయి చూపిస్తాడు.

ఇక చేయించడం. ఫైబర్ పనివాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళు పోసేది బాత్‌రూం తలుపులు, నీళ్ళ తొట్లు, పందిట్లోకి దేవుని బొమ్మలు. మ్యాటు పరిచి రెజిను పూయడంలో వాళ్ళకు తిరుగులేదు. కానీ మనిషి కాపురముండే గుడ్డు ఇంతవరకు ఎవరూ అడగలేదు. "తలుపు మాత్రం రెడీగుంది సామీ, బాత్‌రూం సైజు" అన్నాడు మేస్త్రి. ఆ తలుపే పెట్టారు. ఇరుసు వేసేవాడికి ట్రాక్టరు ట్రాలీలు తప్ప వేరే లోకం తెలియదు. ఎన్ని టన్నులకని అడిగాడు. అరటన్నంటే నమ్మలేదు. "అరటన్నుకు ఇరుసేసినానని తెలిస్తే నా కాడికి మళ్ళీ ఎవురన్నా వచ్చారా?" అని మూడు టన్నులకు వేసిచ్చాడు. చెనిక్కాయ మూటలు నింపినా చెక్కుచెదరదు. ఖాళీగా పోతే మాత్రం గుంత గుంతకూ లోపలున్న గిన్నెలన్నీ లేచి కూర్చుంటాయి.

పెంకు వచ్చినాక ఊరి బుద్ధి బయటపడుతుంది.

ప్రొద్దుటూరాయన బంగారు అంగళ్ళ వీధిలో పుట్టి పెరిగిన మనిషి. రెండో బొంబాయని పేరున్న ఊరు. ట్రైలరుకు బరువు తగ్గించాలని ఎవరో చెప్పిన పాపానికి చెంచాలతో సహా అన్నీ కాటాలో పెట్టి తూచాడు. ఏ గరిటె ఎన్ని గ్రాములో ఆయనకు నోటికి వచ్చు. స్టీలు చెంబు తీసేసి ప్లాస్టిక్ చెంబు పెట్టి 180 గ్రాములు మిగిల్చానని వారం రోజులు చెప్పుకున్నాడు. ఆ మిగిల్చిన బరువంతా తాళాలకు పోయింది. తలుపుకు మూడు, కిటికీలకు ఒక్కోటి, మంచం కింద ఇనప్పెట్టె, దానికి రెండు. ఆ పెట్టెలో ఉండేవి ఉప్పు, కారం, చింతపండు.

జమ్మలమడుగాయన సంగతి వేరే. చుట్టూ నాపరాళ్ళ గనులున్న ఊళ్ళో ఉంటూ ప్లాస్టిక్ షీటు మీద కాలు పెట్టడం ఆయన వల్ల కాలేదు. అమెరికా బండికి లేనిది తన బండికి ఉండాలనుకున్నాడు. నున్నగా పాలిష్ పట్టించిన నల్ల బండలు తెచ్చి లోపల పరిపించాడు. అంగుళం మందం బండ చదరపు అడుగుకు ఆరు కిలోల పైచిలుకు తూగుతుంది. 40 చదరపు అడుగులు పరిచేసరికి 240 కిలోలు దాటింది. వంటగట్టుకు ఇంకో బండ. అది వెనకవైపు. ట్రైలరు బరువులో పదోవంతు నుంచి ఏడోవంతు దాకా ముందు కొక్కేనికి పడాలి. వెనక బరువెక్కువైతే బండి తోక ఊపుతుంది. ముద్దనూరు రోడ్డు మీద ఆ తోక చూసి వెనకొచ్చే లారీలు తమంతట తామే ఆగిపోయాయి. చెప్పి చూస్తే వినడు. "సల్లగుంటాదప్పా, ఎండాకాలం వట్టి కాళ్ళతో నిలబడి సూడు!" సల్లగుండేది నిజం. కానీ ఆ చల్లదనాన్ని లాగేదానికి కారు మార్చాల్సి వచ్చింది. ఈయన మీద నాకు ఏ కొంచెమో పక్షపాతం ఉంది. మిగతా ఇద్దరూ అమెరికాను తూచి, కొలిచి, దిగుమతి చేసుకున్నారు. ఈయన దాని కింద కడప బండ పరిచాడు.

పులివెందులాయన అరటి, చీనీ తోటల మనిషి. పైపన్నది ఏదైనా ఆయనకు డ్రిప్పు పైపే. వంటగట్టుకు నీళ్ళు డ్రిప్పు పైపులో, ఫిల్టరు డ్రిప్పు ఫిల్టరు, ఆఖరికి స్నానాల గది కప్పుకు కూడా లేటరల్ చుట్టించి 12 డ్రిప్పర్లు గుచ్చాడు. ఒక్కోటి గంటకు 4 లీటర్లు. మొత్తం 48 లీటర్లు, కాకపోతే గంటకు. ఒంటికి సబ్బు రాసుకొని లోపలికి పోయినాయన బయటికొచ్చేసరికి సంగటి చల్లారిపోయి ఉంటుంది. "నీళ్ళు వృథా గావు గదా!" అన్నదే ఆయన వాదన. ఒక్క విషయంలో మాత్రం ఆయనకు సాటి లేరు. ట్రైలరు వెనక్కి నడపడం. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు ఎడమకు పోతుంది. చదువుకున్నవాళ్ళ మెదడు దీన్ని ఒప్పుకోదు. మీసం రాకముందు నుంచి ట్రాక్టరు ట్రాలీలు రివర్సు చేసినాయన కాబట్టి, బీడీ కాలుస్తూ, ఒంటి చేత్తో చింతచెట్టు కిందికి దూర్చేస్తాడు. మిగతా ఇద్దరి బండ్లూ కూడా ఆయనే పెట్టాలి. అప్పుడు ఆయన ముఖం చూడాలి.

సంక్రాంతి పోయినాక ముగ్గురూ గండికోటలో కలుస్తారు. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. అంటే జమ్మలమడుగాయన రెండ్రోజులు సామాను సర్దుకొని, ఇంటిల్లిపాదికీ చెప్పి, వీధి చివరిదాకా అందరూ సాగనంపితే, అర్ధగంటలో చేరేంత దూరం. మరిచిపోయిన అగ్గిపెట్టె కోసం ఇంటికి పోయొచ్చాడు కూడా.

చేరినాక మొదటి పని రసమట్టం. తాపీ మేస్త్రుల దగ్గరున్నదే. బండి లోపల నేల మీద పెట్టి బుడగ చూస్తారు. బుడగ నడుమకు వచ్చేదాకా చక్రాల కింద రాళ్ళు పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. ఒకాయన బుడగ కుదిరినాక ఇంకొకాయనది చూసి "నీది వాలిందన్నా" అంటాడు. మళ్ళీ మొదలు. ఓమ్నీ సీట్లు పీకి పరుపు వేసుకొని వచ్చిన కుర్రవాళ్ళు ఈలోపు అన్నం తిని, పాటలు పాడి, నిద్రపోయి కూడా ఉంటారు. డేరాల్లో దిగిన బెంగళూరు పిల్లలు లోయ అంచుకు పోయి ఫొటోలు దిగుతుంటారు. ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకొని పెన్న పోతుంటుంది. దాన్ని చూసేదానికి దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. మనాళ్ళు ముగ్గురూ ఆ లోయకు వీపు పెట్టి, ఒకరి బండి కింద ఒకరు దూరి బోల్టులు చూస్తుంటారు.

కాసేపటికి చరిత్ర. ప్రొద్దుటూరాయనకు గండికోటలో ఇష్టుడు రాజులెవరూ కాదు, టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి. 1652లో మీర్ జుమ్లాకు సరుకు చూపించేదానికి ఇక్కడికొచ్చాడు. అప్పుడే కోటను పట్టుకున్న మీర్ జుమ్లా డేరాలో కూర్చొని, కాలివేళ్ళ సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో కొన్ని ఇరికించుకొని పనులు నడిపిస్తుండడం చూసి రాసుకున్నాడు. "సూడు, అంత పెద్ద నవాబుకు ఒక అర ల్యా, ఒక డ్రాయరు ల్యా! కాలేళ్ళల్లో పెట్టుకుండె!" అని ప్రొద్దుటూరాయన జాలిపడతాడు. తన బండిలో కాగితాలకే నాలుగు అరలు. అందులో ఉండేది ఆ లామినేషన్ కాగితం ఒక్కటే.

ఆడవాళ్ళు ఈ కలయికకు తప్పకుండా వస్తారు. ఊరిబిండి, ఓళిగలు, అలసంద వడలు అన్నీ ఇంటి దగ్గరే చేసుకొని, టూరిజం వాళ్ళ హరిత హోటల్లో రూము తీసుకొని, సాయంత్రం పూట మాధవరాయ స్వామి గుడి చూసి, జుమ్మా మసీదు చూసి, లోయ అంచున కూర్చొని పొద్దు గుంకేది చూస్తారు. గండికోట చూసింది వాళ్ళే. బండిలో పండుకోమని భర్త పిలిస్తే "నాకు మోకాళ్ళు నొప్పులు, నువ్వు పండుకో సామీ" అనేది ముగ్గురి ఇళ్ళలోనూ ఒకటే జవాబు.

సంగటి మాత్రం మగవాళ్ళు గెలకాలి. అది వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. ఒకటిన్నర అడుగుల వంటగట్టు ముందర నిలబడి సంగటికట్టె తిప్పితే మోచెయ్యి ఒకసారి అద్దానికి, ఒకసారి అరకు తగులుతుంది. చివరికి మూడు రాళ్ళు పెట్టి బయటే వండుతారు. నాటుకోడి పులుసు కూడా బయటే. అన్ని లక్షలు పోసి చేయించిన వంటిల్లు తట్టలు పెట్టుకునేదానికి పనికొస్తుంది. సంగటి మాత్రం, నిజం చెప్పాలి, ఇంటి సంగటి కంటే బాగుంటుంది.

రాత్రి చలి. కిటికీలన్నీ బిగించుకొని పడుకుంటారు. తెల్లవారుజామున మూడింటికి పైకప్పు నుంచి టప్పుమని ముఖం మీద చుక్క. ఫైబర్ గోడకు లోపలి ఊపిరి తగిలి నీరవుతుంది. సందుల్లేని ఇల్లు కారుతోందని మీరంటే బండింటాయన ప్రాణం పోతుంది. "కారేది గాదప్పా, అది మన ఊపిరే!" అని చీకట్లోనే శాస్త్రం చెబుతాడు. చెబుతూ చెబుతూ ఇంకో చిన్న ఫ్యాను ఎక్కడ బిగించాలో కొలత తీసుకుంటాడు. తెల్లారి లోయ మీద పొద్దు పొడిచేటప్పుడు ఆయన నిచ్చెనేసుకొని కప్పు మీద ఉంటాడు.

ఆయన పిలిస్తే తప్పకుండా పోండి. మనిషి మంచివాడు, సంగటికి లోటుండదు. డిసెంబరులోనో జనవరిలోనో పోండి, మీ దుప్పటి మీరు తీసుకుపోండి, హరితలో ముందే ఒక రూము చెప్పి పెట్టుకోండి. లోపల ఏది చూపించినా "యాడ కొన్నావన్నా?" అని మాత్రం అడగొద్దు, తెల్లారిపోతుంది. మే నెలలో పిలిస్తే మీరు ఊళ్ళో లేరని ఇంట్లోవాళ్ళతో చెప్పించండి.