ఐదడుగుల దూరం నుంచి

నేను కెమెరాను. హైదరాబాద్ మాదాపూర్‌లోని ఒక ప్లాస్టిక్ సర్జరీ క్లినిక్‌లో స్టాండు మీద ఉంటాను. మనిషిని ఐదడుగుల దూరంలో స్టూలు మీద కూర్చోబెడతారు. ఎదురుగా ఒక ఫొటో, పక్క నుంచి రెండు, ఏటవాలుగా రెండు, తల వెనక్కి వంచి ముక్కు రంధ్రాలు కనిపించేలా ఒకటి. ఈ ఆరూ తీయనిదే మా డాక్టరుగారు ఎవరి ముక్కు మీదా కత్తి పెట్టరు.

ఈ పని నాకంటే ముందు చిత్రకారులు చేశారు. టిప్పు సుల్తాన్ సైనికులు ముక్కు కోసేసిన కావస్‌జీ అనే బండివాడికి పుణె దగ్గర నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టారు. జేమ్స్ వేల్స్ గీసిన అతని బొమ్మతో పాటు 1794లో లండన్ పత్రిక జెంటిల్మన్స్ మ్యాగజైన్ ఆ సంగతి ప్రచురించింది. అది చదివే యూరప్ వైద్యులు ఈ విద్య మీద మళ్లీ దృష్టి పెట్టారు.

నా ముందుకు వచ్చేవాళ్లలో చాలామంది మైండ్‌స్పేస్, రాయదుర్గం ఆఫీసులవాళ్లు. మెడలో ఐడీ కార్డుతోనే వచ్చి, ఫోనులో సెల్ఫీ తీసి చూపిస్తారు. “మీటింగులో నా మొహంలో ముక్కొక్కటే కనిపిస్తోంది సార్” అంటారు. లోపం ముక్కులో లేదు, దూరంలో ఉంది. లెన్సుకు దగ్గరగా ఉన్నది ఉబ్బి కనిపిస్తుంది, వెనకున్న చెవులు కుంచించుకుపోతాయి. 12 అంగుళాల నుంచి తీస్తే, ఐదడుగుల నుంచి తీసినదానికన్నా ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. డాక్టరుగారు సెల్ఫీ పక్కన నా ఫొటో పెట్టి చూపిస్తే కొందరు ఆపరేషన్ వద్దనుకుని వెళ్లిపోతారు. అప్పుడు నాకు ఎంత సంతోషమో!

గచ్చిబౌలి నుంచి వచ్చిన ఒకమ్మాయి సంగతి అలాంటిది కాదు. ముక్కు దూలం మీది బొడిపె నా ఫొటోలోనూ స్పష్టంగా ఉంది. రంధ్రాల మధ్య గోడ వంకరపోయి ఎడమవైపు గాలి సరిగా ఆడదు. వెంట వచ్చిన తల్లి అడిగింది:

“శ్రావణంలో పెళ్లి అనుకుంటున్నామండీ. రెండు నెలల్లో మామూలైపోతుందా?”

“కట్టు వారానికి తీసేస్తామమ్మా. కళ్ల కింద నలుపు రెండు వారాల్లో పోతుంది. వాపు చాలావరకు తగ్గడానికే మూడు నెలలు. కొన తేరడానికి ఏడాది. అమ్మాయి చర్మం మందం, ఇంకాస్త ఆలస్యం కావచ్చు. పెళ్లి కానివ్వండి, తర్వాత చూద్దాం.”

పెళ్లి ఫొటోల కోసం తొందరపడి ముక్కు కోయించుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ ఫొటోల్లో వాపు కూడా పడుతుంది మరి.

పెళ్లయ్యాక ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఆఫీసు ఇన్సూరెన్సు గురించి అడిగింది. అందం కోసం చేసేదానికి పాలసీలు డబ్బివ్వవు. శ్వాస కోసం గోడ సరిచేయడానికి ఇస్తారేమో ముందే రాయించి కనుక్కోమన్నారు డాక్టరుగారు. తర్వాత మత్తు డాక్టరుగారు వచ్చి కూర్చున్నారు. పూర్తి మత్తు ఇస్తారు కాబట్టి ఆయనెవరో, ఆపరేషన్ థియేటరులో ఏ వసతులున్నాయో అడగడం రోగి హక్కు. క్లోరోఫాం మత్తులో మనిషి ప్రాణం ఎక్కడ జారిపోతుందో తేల్చడానికి నిజాం డబ్బుతో 1888లో, 1889లో క్లోరోఫాం కమిషన్లు కూర్చున్న ఊరిది. ఊపిరినే కనిపెట్టి ఉండాలన్నాయవి. గుండెను కూడా కనిపెట్టాలని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఇప్పుడు రెండూ తెర మీద క్షణక్షణం కనిపిస్తాయి.

థియేటరులోకి నన్ను తీసుకెళ్లరు. ఏం చేస్తారో మాత్రం ఆమెకు చెబుతుంటే విన్నాను. రెండు రంధ్రాల మధ్య కింది చర్మం మీద చిన్న గాటు పెట్టి పైచర్మం ఎత్తుతారు. బొడిపె అరగదీసి, పక్క ఎముకలను సన్నని ఉలితో కదిలించి దగ్గరికి తెస్తారు. మధ్య గోడలోంచి కొంచెం మృదులాస్థి తీసి కొనకు ఊతంగా పెడతారు. గోడ ముందుభాగాన్నీ పైభాగాన్నీ కనీసం సెంటీమీటరు మేర వదిలేయాలి, లేకపోతే ముక్కు కూలుతుంది. అందుకే ఎక్కువ తీయమని ఎంత బతిమాలినా డాక్టరుగారు ఒప్పుకోరు.

వారానికి కట్టు విప్పారు. ముక్కు ఉబ్బి, కొన పైకి లేచి ఉంది. ఫొటో చూసి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. కొన్నాళ్లు తల ఎత్తుగా పెట్టుకుని పడుకోమన్నారు. రెండు వారాలు ముక్కు చీదకూడదు. నెలా నెలన్నర కళ్లజోడు ముక్కు మీద ఆనకూడదు. కోడింగు చేసే మనిషికి ఇదే అన్నిటికన్నా కష్టం.

మూడో నెల వచ్చి, “గాలి బాగా ఆడుతోంది సార్. కొన మాత్రం ఇంకా లావుగానే ఉంది, మళ్లీ దిద్దుతారా?” అంది. డాక్టరుగారు మొదటి వారం ఫొటో పక్కన ఆ రోజు ఫొటో పెట్టి చూపించారు. “ఏడాది లోపల నేను ముట్టుకోనమ్మా. ఇంకెవరైనా ముట్టుకుంటామన్నా వెళ్లకండి” అని, తొమ్మిది నెలల తర్వాతి తేదీ రాసి చీటీ చేతికిచ్చారు.